వెల తెలిసింది, విలువ తెలిసిందా?

ప్రళయ దినాన మానవుడు తన ప్రభువు సన్నిధిలో నిలబడినప్పుడు, కొన్ని ప్రశ్నలకు సమాధానం చెప్పనిదే అతని పాదాలు అక్కడి నుంచి కదలవని దైవప్రవక్త ముహమ్మద్ (స) హెచ్చరించారు. హజ్రత్ అబూ బర్‌జా (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు తిర్మిజీ గ్రంథంలో ఉంది. ఆయుష్షును గురించి, విద్యను గురించి, శరీరాన్ని గురించి ఒక్కొక్క ప్రశ్న ఉండగా, ధనాన్ని గురించి మాత్రం రెండు ప్రశ్నలున్నాయి. ఎక్కడి నుంచి సంపాదించావన్నది మొదటిది. ఎందులో ఖర్చు చేశావన్నది రెండవది.

మొదటి ప్రశ్నను గురించి మన మస్జిదుల్లో, ధార్మిక సభల్లో తరచుగా వింటూనే ఉంటాం. వడ్డీ, లంచం, కల్తీ, తూనికల్లో మోసం మొదలైన వాటి గురించి ప్రసంగకర్తలు విపులంగానే చెబుతారు. రెండవ ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి మాత్రం "దుబారా చేయకండి" అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టుకోవడం కనిపిస్తుంది. ఏది దుబారా, ఏది అవసరం, చేతిలోని వస్తువు దాని వెలకు తగినదో కాదో ఎలా తేల్చుకోవాలి అన్న విచారణ అరుదు. చెమటోడ్చి హలాల్‌గా సంపాదించిన రూపాయి అంగడికి వెళ్ళి దేనిగా మారి ఇంటికి తిరిగి వస్తోందన్న విషయాన్ని ఈ వ్యాసంలో పరిశీలించదలిచాము. నిత్యావసర వస్తువులతో పాటు పుస్తకాల సంగతిని కూడా ప్రత్యేకంగా ప్రస్తావిస్తాము. ఎందుకంటే మన ఇళ్ళలో తూచి చూడకుండా కొనేది, తూచి చూడకుండా వద్దనేది కూడా పుస్తకమే.

ధనం ఇంటికి ఆధారం

దివ్య ఖుర్ఆన్ అన్నిసా సూరా 5వ ఆయతులో, ధనాన్ని మన జీవితాలకు నిలకడనిచ్చే ఆధారంగా అల్లాహ్ పేర్కొన్నాడు. అందుకే తెలివితక్కువ వారి చేతికి దానిని అప్పగించవద్దని ఆదేశించాడు. అల్ ఫుర్ఖాన్ సూరా 67వ ఆయతులో కరుణామయుని దాసుల గుణగణాలను వర్ణిస్తూ, వారు ఖర్చులో హద్దు మీరరని, పిసినారితనమూ వహించరని, ఈ రెంటి నడుమ సమతూకంతో ఉంటారని తెలిపాడు. బనీ ఇస్రాయీల్ సూరా 29వ ఆయతు కూడా చేతిని మెడకు కట్టేసుకోవడాన్ని, పూర్తిగా చాచివేయడాన్ని రెంటినీ వారిస్తోంది.

ధర్మవేత్తలు ఇక్కడ రెండు పదాల మధ్య తేడాను వివరించారు. ధర్మసమ్మతమైన విషయంలోనే హద్దు మీరి ఖర్చు పెట్టడం ఇస్రాఫ్. తగని చోట ఖర్చు పెట్టడం తబ్‌జీర్. పెళ్ళి విందులో వంటకాలు పెంచుకుంటూ పోయి మిగిలినదంతా పారబోయడం మొదటి దానికి ఉదాహరణ. నిషిద్ధమైన వినోదానికి వెచ్చించడం రెండవ దానికి ఉదాహరణ.

ఈ ఆయతుల వెలుగులో చూస్తే చవకగా కొనడం దానంతట అదే పుణ్యకార్యం కాదు. ఎక్కువ వెల పెట్టడం దానంతట అదే పాపమూ కాదు. ఇచ్చిన సొమ్ముకు సమానమైన ప్రయోజనం ఇంటికి చేరిందా అన్నదే ఆలోచించవలసిన విషయం. నాణ్యత లేని వస్తువును అగ్గువకు తెచ్చి నెల తిరక్కుండానే పారవేసే వ్యక్తి తనను తాను పొదుపరిననుకుంటాడు. నిజానికి అతను ధనాన్ని వృథా చేసినవాడే.

ఒక తల్లి అడిగిన ప్రశ్న

మద్రసాల్లో విద్యా సంవత్సరం షవ్వాల్ నెలలో మొదలవుతుంది. రమజాన్ ఖర్చులు, పండుగ బట్టల ఖర్చులు ముగిసి, సామాన్య కుటుంబాల చేతిలో పెద్దగా డబ్బు మిగలని సమయమది. కొన్నేళ్ళ క్రితం అటువంటి రోజుల్లో ఒక తల్లి తన కుమారుణ్ణి చేర్పించడానికి మా వద్దకు వచ్చింది. భర్తను కోల్పోయిన ఆమె జాకెట్లు కుట్టి సంసారాన్ని నెట్టుకొస్తోంది. మేమిచ్చిన పుస్తకాల జాబితాను చేతిలో పట్టుకొని ఆమె ఇలా అడిగింది: "మౌలానా సాబ్, నాకు చదువు రాదు. ఒక్కొక్కటీ మీరే చెప్పండి. ఈ పుస్తకం వీడు ఎన్నాళ్ళు చదువుతాడు? వీడు చదివిన తర్వాత తమ్ముడికి పనికొస్తుందా?"

జాబితాలో 360 రూపాయల అరబీ–ఉర్దూ నిఘంటువు ఒకటుంది. అప్పట్లో ఆమెకు ఒక్కో జాకెట్టుకు వచ్చే కూలి 60 రూపాయలు. అంటే అది ఆరు జాకెట్ల కూలి. ఆ నిఘంటువు ఆరేళ్ళ పాటు ప్రతిరోజూ అవసరమవుతుందని, ఆ తర్వాత తమ్ముడికి కూడా అదే సరిపోతుందని చెప్పాము. "అయితే ఏడాదికి ఒక జాకెట్టు" అని ఆమె వేళ్ళ మీద లెక్క కట్టి వెంటనే ఒప్పుకుంది. రంగుల బొమ్మలతో అందంగా ముద్రించిన నీతి కథల పుస్తకం మరొకటుంది. దాని వెల 240 రూపాయలు. ఒకటి రెండు సార్లు చదివితే అయిపోతుందని, మద్రసా గ్రంథాలయంలో మూడు ప్రతులున్నాయని తెలుసుకొని, "ఇది వీడు ఇక్కడే చదువుకుంటాడు" అంటూ తిరిగి ఇచ్చేసింది.

అక్షర జ్ఞానం లేని ఆ తల్లి రెండు నిమిషాల్లో ఆ రెండు పుస్తకాల విలువను తేల్చివేసింది. ఎన్ని రోజులకు, ఎంతమందికి అన్నవే ఆమె వాడిన కొలతలు. వెలను ఆమె రూపాయల్లో చూడలేదు. తన శ్రమలో చూసింది. ఆ సంవత్సరం నుంచి మేము పుస్తకాల జాబితాను మూడు భాగాలు చేశాము: తప్పనిసరిగా సొంతానికి ఉండవలసినవి, పై తరగతి విద్యార్థుల నుంచి తీసుకోదగినవి, గ్రంథాలయంలో చదువుకోదగినవి. జాబితా పొడవు తగ్గకపోయినా తల్లిదండ్రులపై భారం తగ్గింది.

వెల ఒకనాటిది, ఖర్చు పలునాళ్ళది

ఆమె చేసిన లెక్కను ఇంట్లోని ఏ వస్తువుకైనా వర్తింపజేయవచ్చు. బడికి వెళ్ళే పిల్లవాడికి 400 రూపాయల బూట్లు కొంటే నాలుగు నెలల్లో అడుగు ఊడిపోయిందనుకుందాం. నెలకు 100 రూపాయలు ఖర్చయినట్టు. 900 రూపాయల బూట్లు ఏడాదిన్నర నిలిచాయనుకుందాం. నెలకు 50 రూపాయలే. చవక జత రెట్టింపు ఖరీదైనదన్నమాట. అయితే ఎదిగే పిల్లవాడి పాదం ఏడాదిన్నర పాటు అదే కొలతలో ఉండదు. ఎనిమిది నెలలకే బూట్లు బిగుతైతే ఈ లెక్క మారిపోతుంది. కాబట్టి వస్తువు ఎన్నాళ్ళు మన్నుతుందన్న దానితో పాటు మనకు ఎన్నాళ్ళు అవసరమన్నది కూడా చూడాలి.

ఫ్రిజ్ వంటి వస్తువుల విషయంలో కొన్న రోజు చెల్లించే వెల కంటే తర్వాత చెల్లించే విద్యుత్ బిల్లు ముఖ్యం. వాటిపై అంటించే నక్షత్రాల చీటీ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లు ఖర్చవుతాయో ముద్రించి ఉంటుంది. రెండు ఫ్రిజ్‌ల మధ్య ఏడాదికి 100 యూనిట్ల తేడా ఉండి, యూనిట్ 7 రూపాయలు అనుకుంటే, పదేళ్ళలో 7,000 రూపాయల తేడా వస్తుంది. అంగట్లో 4,000 రూపాయలు తక్కువకు దొరికిందని సంతోషించిన వ్యక్తి చివరికి 3,000 రూపాయలు నష్టపోతాడు. నక్షత్రాలను లెక్కపెట్టి ఊరుకోకుండా ఆ యూనిట్ల సంఖ్యను చదవాలి.

దీనికి విరుద్ధమైన వస్తువులు కూడా మన ఇళ్ళలో ఉన్నాయి. పెళ్ళినాటి బంగారు అంచు పింగాణీ సెట్టు షోకేసు దాటి బయటికి రాదు. ఖరీదైన దుస్తులు ఒక్క వలీమాకు కట్టి, రెండవసారి కడితే చూసినవాళ్ళు గుర్తుపడతారన్న సంకోచంతో పెట్టె అడుగుకు చేరుతాయి. వీటి వెలను వాడిన రోజులతో భాగిస్తే వచ్చే సంఖ్య చూసి ఎవరైనా ఉలిక్కిపడవలసిందే. వీటిలో చాలా భాగం అప్పు చేసి కొన్నవి కావడం మరింత బాధాకరం.

అల్పాదాయ కుటుంబాల ఇబ్బందిని ఇక్కడ విస్మరించలేము. 900 రూపాయలు ఒక్కసారిగా చేతిలో లేని తండ్రి 400 రూపాయల జతనే కొనవలసి వస్తుంది. పేదవాడికి పేదరికమే అదనపు ఖర్చు తెచ్చిపెడుతుంది. బంధువులు, జమాఅత్ పెద్దలు అటువంటి వారికి పండుగ పూట బిర్యానీ పొట్లం ఇవ్వడంతో ఆగకుండా, మన్నికైన వస్తువును ఒక్కసారిగా కొనుక్కునే వీలు కల్పిస్తే ఆ సాయం ఏడాది పొడవునా నిలుస్తుంది. వడ్డీ లేని చేబదులు, అంటే ఖర్జె హసనా, ఇటువంటి చోటనే అక్కరకు వస్తుంది.

కొనుగోలుదారుకు షరీఅత్ ఇచ్చిన హక్కులు

కొన్న తర్వాత మోసపోయామని తెలిస్తే, "పోనీలే, నసీబు" అనుకొని ఊరుకోవడం మనలో చాలామందికి అలవాటు. షరీఅత్ కొనుగోలుదారుని అంత నిస్సహాయంగా వదిలివేయలేదు. దర్సె నిజామీ విద్యార్థులు చదివే 'హిదాయా' గ్రంథంలో అల్లామా మర్గీనానీ (రహ్మతుల్లాహి అలైహి) ఈ హక్కులను వేర్వేరు ప్రకరణాల్లో వివరించారు. వీటిని 'ఖియార్' అంటారు. ఒప్పందాన్ని నిలుపుకోవడానికీ రద్దు చేసుకోవడానికీ ఉన్న స్వేచ్ఛ అని దీని భావం.

మొదటిది ఖియారె షర్త్. ఆలోచించుకోవడానికి గడువు కావాలని ముందే షరతు పెట్టుకొని కొనడం. ఇమామ్ అబూ హనీఫా (రహ్మతుల్లాహి అలైహి) అభిప్రాయంలో దీని గరిష్ఠ గడువు మూడు రోజులు. రెండవది ఖియారె రూయత్. చూడకుండా కొన్న వస్తువును కళ్ళారా చూసిన తర్వాత వద్దనుకునే హక్కు. మూడవది ఖియారె ఐబ్. కొనేటప్పుడు తెలియని లోపం తర్వాత బయటపడితే వస్తువును తిరిగి ఇచ్చి పూర్తి సొమ్ము పొందే హక్కు. ఫోను తెరపై బొమ్మ చూసి వస్తువులు తెప్పించుకుంటున్న ఈ రోజుల్లో రెండవ హక్కు ఎంత అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు.

దైవప్రవక్త (స) కాలంలో ఒక వ్యక్తి బేరసారాల్లో తరచుగా మోసపోతుండేవారు. ఆయన వచ్చి మొరపెట్టుకోగా, కొనేటప్పుడు "మోసం ఉండరాదు" అన్న మాటను ముందుగానే చెప్పుకోమని ప్రవక్త (స) ఆయనకు నేర్పారు. వ్యాపారం మానుకోమనలేదు, తన హక్కును నోరు తెరిచి చెప్పమన్నారు. మరొకసారి ప్రవక్త (స) అంగడిలో ధాన్యపు రాశిలోకి చేయి పెట్టి చూడగా లోపల తడి తగిలింది. వర్షానికి తడిసిందని వర్తకుడు చెప్పగా, ఆ తడిసిన భాగాన్ని జనానికి కనిపించేలా పైన ఉంచవలసిందని మందలించారు. మోసగించేవానితో తనకు సంబంధం లేదని కూడా ప్రకటించారు. ఈ సంఘటన సహీహ్ ముస్లింలో ఉంది. పైపైన చూడకుండా లోపలికి చేయి పెట్టి చూడటం కొనుగోలుదారుడు అందులో నుంచి నేర్చుకోవలసిన పాఠం.

నేటి అంగడిలో లోపలికి చేయి పెట్టడం

నేటి వస్తువులు పొట్లాల్లో, పెట్టెల్లో మూసి వస్తున్నాయి. చేయి పెట్టి చూసే అవకాశం లేదు కనుక పైన ముద్రించిన అక్షరాలను చదవడమే నేటి పరీక్ష. మన దేశ చట్టం ప్రకారం పొట్లంపై నికర బరువు, అన్ని పన్నులతో కలిపిన గరిష్ఠ చిల్లర ధర, తయారైన నెల, తయారీదారు చిరునామా ఉండాలి. ఆ గరిష్ఠ ధర కంటే ఒక్క రూపాయి ఎక్కువ తీసుకోవడం నేరం. తక్కువకు అడిగే హక్కు మాత్రం మనకుంది. గ్రాముకు లేదా కిలోకు ఎంత పడుతుందో కూడా ఇప్పుడు చాలా పొట్లాలపై ముద్రిస్తున్నారు. ధర అలాగే ఉంచి లోపలి బరువు తగ్గించిన సంగతి ఆ అంకెను చూస్తేనే తెలుస్తుంది. పెద్ద పొట్లం ఎప్పుడూ చవకే అన్న నమ్మకం కూడా అక్కడ పరీక్షకు నిలుస్తుంది.

బంగారం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 22 క్యారెట్ల నగపై 916 అని ఉంటే అందులో 91.6 శాతం మేలిమి బంగారం ఉందని అర్థం. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగలపై ఆరు అక్షరాంకెల గుర్తింపు సంఖ్య తప్పనిసరి అయింది. బీఐఎస్ కేర్ అనే ఫోన్ యాప్‌లో ఆ సంఖ్యను నమోదు చేస్తే నగ వివరాలు కనిపిస్తాయి. ఇక తరుగు, మజూరీ పేరిట చెల్లించే సొమ్ము నగను తిరిగి అమ్మేటప్పుడు సాధారణంగా రాదు. ఎంత ఎక్కువ పనితనం ఉంటే అంత ఎక్కువ నష్టం. ఆడపిల్ల భవిష్యత్తు కోసమని బంగారం కొనే తల్లిదండ్రులు ఈ రెండు పద్దులను విడిగా రాయించుకొని చూడాలి.

బిల్లు తీసుకోవడం మరో ముఖ్య విషయం. "బిల్లు లేకుండా తీసుకుంటే తగ్గిస్తాను" అన్న మాటకు లొంగితే పన్ను ఎగవేతకు తోడ్పడటమే కాక, లోపం బయటపడిన రోజున మన దగ్గర సాక్ష్యం లేకుండా పోతుంది. అప్పు లావాదేవీలను రాతపూర్వకంగా ఉంచుకోమని అల్ బఖరా సూరా 282వ ఆయతులో అల్లాహ్ సవివరంగా ఆదేశించాడు. రాత విలువ తెలిసిన సమాజం మనది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. అంతకు ముందు సలహా కోసం 1915 నంబరుకు ఫోను చేయవచ్చు.

పుస్తకాన్ని ఎలా పరీక్షించాలి?

ఇతర వస్తువులకు తూకం, ముద్ర, గ్యారంటీ ఉంటాయి. పుస్తకానికి అవేవీ లేవు. పుటల సంఖ్యను బట్టి, బరువును బట్టి, అట్ట తళుకును బట్టి దాని విలువను నిర్ణయించలేము. వారసత్వపు వాటాలను సరిగ్గా వివరించే నలభై పుటల చిన్న పుస్తకం 50 రూపాయలకు దొరికిందనుకోండి. దానిని చదివిన అన్నదమ్ములు తమ చెల్లెలి వాటాను ఆమెకు అప్పగిస్తే, ఆ పుస్తకం ఒక కుటుంబాన్ని అన్యాయం నుంచి కాపాడింది. దానికి ఏ వెల కట్టగలం?

ధార్మిక పుస్తకాన్ని కొనేటప్పుడు మొదట చూడవలసింది ఆధారాలు. "హదీసులో ఇలా వచ్చింది" అని మాత్రమే రాసి, ఏ గ్రంథంలోనిదో చెప్పని పుస్తకాన్ని పక్కన పెట్టడమే మేలు. ఉల్లేఖకుల పరంపర ధర్మంలో భాగమని, అది లేకపోతే ఎవరికి తోచింది వారు చెప్పేవారని హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ముబారక్ (రహ్మతుల్లాహి అలైహి) హెచ్చరించారు. రచయిత ఎవరు, అనువాదకుడు ఎవరు, ఏ మూలం నుంచి అనువదించారు అన్న వివరాలు మొదటి పుటల్లోనే ఉండాలి.

రెండవది, పుస్తకాన్ని మధ్యలో తెరిచి రెండు పుటలు చదవాలి. ముందుమాటను అందరూ శ్రద్ధగానే రాస్తారు. అనువాదం ఎలా ఉందో, అచ్చుతప్పులెన్ని ఉన్నాయో నడుమ పుటలే చెబుతాయి. మూడవది, చదివేది ఎవరో గుర్తుంచుకోవాలి. తెలుగు మాధ్యమంలో చదువుకున్న మన పిల్లల్లో ఎందరో ఉర్దూ మాట్లాడగలరు గాని చదవలేరు. వారున్న ఇంట్లో ఖరీదైన ఉర్దూ గ్రంథాల వరుస అలంకారంగా మిగులుతుంది. నానమ్మ కోసం కొనే దుఆల పుస్తకంలో అక్షరాలు పెద్దవిగా ఉండాలి. రోజూ వాడే పుస్తకమైతే దారంతో కుట్టిన బైండింగ్ చూసుకోవాలి. కేవలం జిగురుతో అంటించిన పుటలు అంత వాడకానికి ఎక్కువకాలం తట్టుకోవు.

పెళ్ళిళ్ళలో కానుకగా ఇచ్చే ముస్హఫ్‌ల గురించి ఒక మాట. మఖ్మల్ పెట్టెలో, జరీ జుజ్‌దాన్‌లో చుట్టిన పెద్ద ప్రతిని గౌరవంతోనే ఇస్తారు. ఆ భావన మంచిదే. అయితే దానిని ఎత్తున ఉన్న అరపై ఉంచి, ఏళ్ళ తరబడి విప్పని ఇళ్ళున్నాయి. అదే సొమ్ముతో చేతిలో ఇమిడే ఒక స్పష్టమైన ముస్హఫ్‌ను, దానికి తోడు నమ్మదగిన తెలుగు అనువాదాన్ని, వ్యాఖ్యానాన్ని ఇవ్వవచ్చు. కొత్త దంపతులు రోజుకు నాలుగు ఆయతులు చదువుకున్నా ఆ కానుక జుజ్‌దాన్ కంటే ఎక్కువ గౌరవం పొందినట్లే.

పుస్తకాలపై పెట్టిన ఖర్చు ఎంత దూరం పోతుందో తెలుసుకోవడానికి మన హైదరాబాదునే చూడవచ్చు. 1888లో స్థాపితమైన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ వ్రాతప్రతులుగా మూలపడి ఉన్న అరబీ గ్రంథాలను సేకరించి, సరిచూసి, ముద్రించింది. ఇమామ్ బైహఖీ (రహ్మతుల్లాహి అలైహి) 'అస్సుననుల్ కుబ్రా'ను పది సంపుటాల్లో వెలువరించింది. హైదరాబాదు ముద్రణ అన్న మాట అరబ్బు దేశాల పండితులకు కూడా సుపరిచితమైంది. నాడు ఆ ముద్రణకు వెచ్చించిన సొమ్ము ఎన్ని తరాల విద్యార్థులకు ఉపకరించిందో లెక్కకు అందదు.

కొత్త పుస్తకం కొనలేని వారికి దారులు మూసుకుపోలేదు. హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం నాడు కాలిబాటలపై పాత పుస్తకాలు పరుస్తారు. అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం 1891లో ఆసఫియా గ్రంథాలయంగా ప్రారంభమైంది. జిల్లా కేంద్రాల్లో, అనేక పట్టణాల్లో ప్రభుత్వ గ్రంథాలయాలున్నాయి. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్నును కూడా మనం చెల్లిస్తున్నాం. చెల్లించిన సొమ్ముకు ప్రతిఫలం పొందకపోవడం కూడా ఒక నష్టమే. ఒకే వీధిలోని అయిదు కుటుంబాలు తలా రెండు పుస్తకాలు కొని మార్చుకుంటే, ప్రతి ఇంటికీ పది పుస్తకాలు చేరతాయి.

అయితే అనుమతి లేకుండా దొంగచాటుగా అచ్చువేసిన ప్రతులను చవకగా దొరికాయని కొనడం ఈ కోవలోకి రాదు. రచనపై రచయితకు, ప్రచురణకర్తకు ఉన్న హక్కు షరీఅత్ దృష్టిలో రక్షణ పొందినదేనని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ 1988లో కువైట్ సమావేశంలో తీర్మానించింది. ధర్మాన్ని నేర్పే పుస్తకాన్ని ఒకరి హక్కును కాజేసి పొందడంలో శుభం ఎక్కడుంటుంది?

సున్నా వడ్డీ అన్న మాట

పండుగలు సమీపిస్తే దుకాణాల ముందు "వడ్డీ లేని వాయిదాలు" అన్న పలకలు వెలుస్తాయి. వడ్డీ లేదన్న మాట విని ధార్మిక చింతన గల వారు కూడా ముందుకు వస్తారు. విక్రేత తన వస్తువుకు వాయిదాల ధర ఇంత అని ఒకే ధరను ముందుగా నిర్ణయించి, ఆలస్యమైనా దానిని పెంచకపోతే అందులో ఆక్షేపణ లేదని ఫిఖ్హ్ పండితులు చెప్పారు. దుకాణాల్లోని పథకాల్లో మాత్రం చాలా వరకు నడుమ ఒక రుణ సంస్థ ఉంటుంది. రొక్కానికి కొంటే లభించే తగ్గింపును రద్దు చేయడం ద్వారానో, ప్రాసెసింగ్ రుసుము పేరిటనో వడ్డీని వసూలు చేస్తారు. 2013 సెప్టెంబరులో భారతీయ రిజర్వు బ్యాంకే సున్నా శాతం వడ్డీ అన్న భావనకు అసలు ఉనికి లేదని బ్యాంకులకు రాసిన ఉత్తర్వులో స్పష్టం చేసింది. వాయిదా తప్పితే పడే అపరాధ వడ్డీ సంగతి సరేసరి.

కనుక సంతకం చేసే ముందు మూడు విషయాలు అడగాలి. రొక్కం ఇస్తే ధర ఎంత? అన్ని వాయిదాలు, రుసుములు కలిపితే మొత్తం ఎంత? వాయిదా ఆలస్యమైతే ఏమి వసూలు చేస్తారు? మొదటి రెండు అంకెల మధ్య తేడాను రుణ సంస్థ తీసుకుంటున్నా, మూడవ ప్రశ్నకు జవాబుగా వడ్డీ అన్న మాట వచ్చినా, దానికి ఏ పేరు పెట్టినా స్వభావం మారదు. ఆ వస్తువు కోసం ఆరు నెలలు ఆగి, నెలనెలా డబ్బు కూడబెట్టి కొనడమే విశ్వాసికి శోభనిస్తుంది. ఆ ఆరు నెలల్లో ఆ వస్తువు అవసరం లేదని తేలిపోయే సందర్భాలు కూడా తక్కువేమీ కాదు.

చిన్న వ్యాపారి దగ్గర

విలువను తూచడమంటే ఎదుటివాడిని పిండడం కాదు. పెద్ద దుకాణంలో ముద్రించిన ధరను మాట్లాడకుండా చెల్లించి, తోపుడు బండిపై కొత్తిమీర కట్ట దగ్గర రెండు రూపాయల కోసం వాదులాడే వారిని మనం చూస్తుంటాం. కొనేటప్పుడు, అమ్మేటప్పుడు, బాకీ అడిగేటప్పుడు ఉదారంగా వ్యవహరించే వ్యక్తిని అల్లాహ్ కరుణించాలని ప్రవక్త (స) దుఆ చేశారు. హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీలో ఉంది.

ఇమామ్ అబూ హనీఫా (రహ్మతుల్లాహి అలైహి) కూఫా నగరంలో వస్త్ర వర్తకులు. ఒక స్త్రీ పట్టు వస్త్రాన్ని అమ్మడానికి తెచ్చి నూరు అడిగిందని, దాని విలువ అంతకంటే ఎక్కువని ఇమామ్ గారే చెబుతూ వచ్చి, చివరికి అయిదు వందలకు కొన్నారని ఆయన జీవిత చరిత్రలో ఉల్లేఖన ఉంది. కొనే వ్యక్తి అమ్మే వ్యక్తికి వస్తువు విలువను తెలియజేయడం ఎంత ఉన్నతమైన వ్యవహారం! మన ఇంటికి పాత పుస్తకాలో, పాత సామానో కొనడానికి వచ్చినవారి విషయంలోనూ, అవసరం కోసం నగ అమ్ముకునే పొరుగింటి సోదరి విషయంలోనూ ఈ ఆదర్శాన్ని గుర్తుంచుకోవాలి.

లెక్కకు అందని ఖర్చులు

ప్రతి ఖర్చునూ రోజులతో భాగించి చూడమని మా ఉద్దేశం కాదు. అతిథికి పెట్టే భోజనం, వ్యాధిగ్రస్తునికి తీసుకువెళ్ళే పండ్లు, పండుగ నాడు పిల్లల ముఖంలో వెలుగు తెచ్చే కొత్త బట్టలు ఆ లెక్కకు అందవు. అవి ప్రేమ కోసం, బంధుత్వం కోసం చేసే ఖర్చులు. అక్కడ చూడవలసింది సంకల్పం ఒక్కటే: ఇది అల్లాహ్ ప్రీతి కోసమా, నలుగురిలో గొప్ప కోసమా?

హజ్రత్ ఉమర్ (రజి) ఒకసారి హజ్రత్ జాబిర్ (రజి) మాంసం తీసుకువెళ్తుండగా చూశారు. మాంసం తినాలనిపించి ఒక దిర్హముకు కొన్నానని ఆయన చెప్పగా, పొరుగువారి కోసం, బంధువుల కోసం మన కడుపును కాస్త బిగించుకోకూడదా అన్న భావంతో ఉమర్ (రజి) ప్రశ్నించారు. ఇమామ్ మాలిక్ (రహ్మతుల్లాహి అలైహి) 'ముఅత్తా'లో ఇది ఉంది. ఒక్క దిర్హము ఖర్చు గురించి ఖలీఫా అడిగిన ప్రశ్న ఇది. మనకు కావాలనిపించిన దానికీ, పొరుగువారికి అవసరమైన దానికీ మధ్య కాసేపు ఆగి చూడమని అది బోధిస్తుంది.

ఇంటి పద్దు పుస్తకం

ఇవన్నీ గుర్తుంచుకోవడానికి పెద్ద ఏర్పాట్లు అవసరం లేదు. ఒక నోటుపుస్తకం చాలు. 500 రూపాయలు దాటిన ప్రతి కొనుగోలును తేదీ, వెలతో రాయండి. ఆరు నెలల తర్వాత దాని ఎదురుగా ఎన్నిసార్లు వాడారో, ఎవరెవరు వాడారో రాయండి. పిల్లలను కూర్చోబెట్టుకొని ఆ పుటలను వారితోనే చదివించండి. నిందించవద్దు; లెక్క చూపించండి చాలు. రెండు మూడు విడతలు ఇలా చేస్తే, ఏ వస్తువు ఇంటికి పనికొస్తుందో వారే చెప్పగలుగుతారు. కొనే ముందు అడగవలసిన ప్రశ్నలు కూడా ఆ పుస్తకం మొదటి పుటలో ఉండాలి: ఇది ఎన్ని రోజులకు? ఎంతమందికి? దీని కోసం ఎన్ని రోజుల కూలి? ఇది లేకుంటే ఏ పని ఆగిపోతుంది?

ఒక వస్తువు అరిగి విరిగి చెత్తకుప్పకు చేరుతుంది. ఒక మంచి పుస్తకం చేతులు మారుతూ పోతుంది. మరణం తర్వాత కూడా పుణ్యం చేరుతూ ఉండే మూడు విషయాల్లో ప్రయోజనకరమైన విద్యను ప్రవక్త (స) ఒకటిగా పేర్కొన్నారు. ఆ తల్లి ఆరు జాకెట్ల కూలితో కొన్న నిఘంటువును ఇప్పుడు ఆమె రెండవ కుమారుడు వాడుతున్నాడు. దాని అట్ట చిరిగితే పాత జాకెట్టు గుడ్డతో ఆమే కుట్టి ఇచ్చింది.

సంపాదించిన దానిలో హలాల్‌ను, ఖర్చు చేసిన దానిలో వివేకాన్ని, మిగిలిన దానిలో బర్కత్‌ను అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆ రెండవ ప్రశ్నకు ధైర్యంగా సమాధానం చెప్పగల భాగ్యాన్ని అనుగ్రహించుగాక! ఆమీన్.